అయిదో నెలలో ఈసుకుపోయిన ఆవు: పరాన్నజీవి జాడ పట్టడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గరి ఒక పల్లెలో జెర్సీ సంకరజాతి ఆవు అయిదో నెల చూడితో ఉండగా ఈసుకుపోయింది. జ్వరం లేదు. మేత మానలేదు. ముందురోజు సాయంత్రం పాలు కూడా ఎప్పటిలాగే ఇచ్చింది. తెల్లవారేసరికి శాలలో పెద్ద పిల్లి అంత పిండం పడి ఉంది. ఇంటివాళ్ళు దాన్ని గోనెసంచిలో చుట్టి ఊరి చివర పెంటకుప్ప మీద పారేశారు. పశువైద్యుడిగా నేను అక్కడికి చేరేసరికి కుక్కలు ఏమీ మిగల్చలేదు. ఆవుకు ఒక ఇంజెక్షను చేసి, బలానికి మందు రాసి వచ్చేశాను.

ఆ ఆవుకు అంతకుముందే పుట్టిన పెయ్యే, రెండేళ్ళ తరువాత తొలిచూలులో, సరిగ్గా అయిదో నెలలో ఈసుకుపోయింది. ఇంటి పెద్దావిడ దిష్టి అన్నారు. పక్కింటివారు పచ్చగడ్డి వేడి చేసిందన్నారు. తల్లికి, కూతురికి ఒకే నెలలో ఒకే నష్టం జరగడం నాకు మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. మొదటిసారి నేను అడగవలసిన మాట ఒకటి ఉంది: పిండం ఎక్కడ? అది అడగకుండా మందు రాశాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రెండు మూడు ఆవుల పాల మీద ఇల్లు నడుపుకునే రైతుకు ఒక చూడి పోవడమంటే ఒక ఈత పాలు, ఒక దూడ, దాదాపు ఏడాది మేత ఖర్చు పోవడం. అంత నష్టం జరిగాక దాని కారణం తెలుసుకునే అవకాశం కూడా కుక్కల పాలు కాకూడదనే ఈ మార్గదర్శి రాస్తున్నాను.

మొదటి అడుగు: పిండం, మాయ కుక్కలకు అందకూడదు

ఆవు ఈసుకుపోయిందని తెలిసిన క్షణం నుంచి గంటలోపు చేయవలసినవి ఇవి. ముందుగా ఆ ఆవును మిగతా పశువుల నుంచి వేరుచేసి కట్టండి. పిల్లలను, గర్భిణులను శాల దగ్గరికి రానివ్వకండి. ఈసుకుపోవడానికి కారణం పరాన్నజీవి అయి ఉండవచ్చు, బ్రూసెల్లా అనే బాక్టీరియా కూడా అయి ఉండవచ్చు. మన రైతులు ఈసుడు రోగం అని పిలిచే ఆ బ్రూసెల్లా మనుషులకు అంటుతుంది. నెలల తరబడి విడవని జ్వరం, కీళ్ళ నొప్పులు తెస్తుంది. కారణం తేలేవరకు ప్రతి కేసునూ ఈసుడు రోగంగానే భావించి జాగ్రత్త పడాలి. చేతికి తొడుగులు లేకపోతే మందపాటి పాలిథిన్ సంచులు రెండు చేతులకూ మణికట్టు దాటి కట్టుకోండి. ముక్కుకు, నోటికి తువ్వాలు చుట్టుకోండి.

పిండాన్ని, మాయను శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మరో సంచిలో పెట్టి మూతి కట్టండి. చేపల బజారులో దొరికే థర్మోకోల్ పెట్టె ఇందుకు చక్కగా పనికివస్తుంది. అడుగున ఐసు, మధ్యలో సంచి, పైన మళ్ళీ ఐసు. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టవద్దు. గడ్డకట్టి కరిగిన మెదడును సూక్ష్మదర్శిని కింద చూస్తే ఏమీ తేలదు. పిండం నల్లబడినా, ముడుచుకుపోయి తోలులా ఎండినా, కుళ్ళు వాసన వస్తున్నా పనికిరాదని పారేయకండి. పరాన్నజీవి చంపిన పిండం తరచుగా ఆ రూపంలోనే బయటపడుతుంది.

ఆ తరువాత ఫోను తీయండి. మీ ఊరి పశు సంవర్ధక సహాయకుడికో, మండల పశువైద్యుడికో చెప్పండి. సంచార పశువైద్య వాహనం కావాలంటే 1962కు ఫోను చేయవచ్చు. చెప్పేటప్పుడు "ఆవు ఈసుకుపోయింది, పిండం ఐసులో పెట్టాను, నమూనా పంపాలి" అని చెప్పండి. ఉత్త "ఈసుకుపోయింది, మందు కావాలి" అంటే మందే వస్తుంది.

నమూనా తీసుకున్నాక మిగిలిన దాన్ని పాతిపెట్టాలి. గొయ్యి నాలుగు నుంచి ఆరు అడుగుల లోతు ఉండాలి. బావికి, చెరువు గట్టుకు దూరంగా తవ్వండి. అడుగున, పైన సున్నం చల్లి, మట్టి కప్పి, దాని మీద బండరాళ్ళు పెట్టి తుమ్మకంప పరవండి. రెండడుగుల గొయ్యిని కుక్క ఒక్క రాత్రిలో తవ్వేస్తుంది. మాయను గడ్డితో చుట్టి మర్రిచెట్టుకు వేలాడదీసే అలవాటు కొన్ని ఊళ్ళలో ఇంకా ఉంది. పాలు బాగా పడాలనే కోరికతో పెద్దలు చేసే పని అది, నాకు దాని మీద కోపం లేదు. కానీ కట్టు తెగి కింద పడిన మాయ కుక్కకు ఆహారం. పాతిపెడితే ఏ పాలూ తగ్గవు.

ఒక ముఖ్యమైన మాట. ఈసుకుపోయినప్పుడే కాదు, మామూలుగా ఈనినప్పుడు కూడా మాయను ఇలాగే పాతాలి. ఎందుకో, కింద నియోస్పోరా అనే పరాన్నజీవి సంగతి చదివితే అర్థమవుతుంది.

రెండో అడుగు: నెల లెక్క కట్టండి

కృత్రిమ గర్భధారణ చేయించిన తేదీ రాసి ఉంటే పని సులువు. ఆవు చూడి సుమారు 280 రోజులు, గేదె చూడి సుమారు 310 రోజులు. తేదీ లేకపోతే పిండాన్ని చూసి అంచనా వేయవచ్చు. రెండు నెలల పిండం చిట్టెలుక అంత, మూడు నెలలది పందికొక్కు అంత, నాలుగు నెలలది చిన్న పిల్లి అంత, అయిదు నెలలది పెద్ద పిల్లి అంత ఉంటుంది. ఆరో నెలలో కనురెప్పల దగ్గర, మూతి చుట్టూ వెంట్రుకలు కనిపిస్తాయి. ఏడో నెలలో తోక కొసన వెంట్రుకలు వస్తాయి. ఎనిమిదో నెలకు ఒళ్ళంతా సన్నని వెంట్రుకలు కప్పుకుంటాయి. కొలత టేపు ఉంటే నడినెత్తి నుంచి తోక మొదలు వరకు కొలిచి రాసుకోండి. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోనుతో ఒక ఫొటో తీయండి. డాక్టరుకు అది చాలా చెబుతుంది.

ఈ లెక్క ఎందుకంటే, ఒక్కో కారణానికి ఒక్కో కాలం ఉంది. మొదటి నాలుగు నెలల్లో పోతే, ముఖ్యంగా ఆబోతుతో దాటించిన ఆవైతే, ట్రైట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిని, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియాను అనుమానించాలి. నియోస్పోరా మూడో నెల నుంచి చివరి వరకు ఎప్పుడైనా పోగొట్టగలదు, కానీ ఎక్కువగా అయిదు, ఆరు నెలల్లోనే పోగొడుతుంది. ఆరు దాటాక, ఏడు, ఎనిమిది నెలల్లో పోయి, మాయ కూడా పడకుండా నిలిచిపోతే ముందు అనుమానం బ్రూసెల్లా మీదికి వెళ్ళాలి. లెప్టోస్పైరా అనే బాక్టీరియా, ఐబీఆర్ అనే వైరస్ కూడా ఆ సమయంలోనే దెబ్బతీస్తాయి. విపరీతమైన జ్వరం వచ్చి పోతే ఏ నెలైనా కావచ్చు. గాలికుంటు, ముద్దచర్మం, గోమార్ల వల్ల వచ్చే థైలీరియా వంటివి ఆ కోవకు చెందుతాయి. నెలను బట్టి కారణం తేల్చేయలేం. ఏ పరీక్ష ముందు అడగాలో మాత్రం నెల చెబుతుంది.

మూడో అడుగు: నమూనాలు, వాటితో పాటు పంపవలసిన మాటలు

తల్లి ఆవు రక్తం రెండు గొట్టాల్లో తీయించండి. ఎర్ర మూత గొట్టంలోని రక్తం గడ్డకట్టి, పైకి సీరం అనే పసుపు ద్రవం తేలుతుంది. సీరం వేరుచేసే ముందు ఆ గొట్టాన్ని ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఊదా మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుంది. రక్తపు పూతను, అంటే గాజు పలక మీద పూసిన రక్తాన్ని, సూక్ష్మదర్శిని కింద చూడడానికి, సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు ఇది పనికివస్తుంది. ఆవుకు జ్వరం ఉంటే ఈ రెండో గొట్టం చాలా విలువైనది. ఏ ఇంజెక్షనూ చేయకముందే ఆ రక్తం తీయాలి. మందు పడ్డాక రక్తంలో పరాన్నజీవులు కనిపించకపోవచ్చు.

పిండం చిన్నదైతే మొత్తం పంపడమే మంచిది. పెద్దదైతే డాక్టరు మెదడు, గుండె, కాలేయం ముక్కలు, కడుపులోని ద్రవం, మాయలో గుత్తులున్న చోటు తీస్తారు. నియోస్పోరాకు మెదడు అన్నిటికంటే ముఖ్యం. ఒక భాగం ఐసులో, మరో భాగం పదిరెట్లు ఎక్కువ పరిమాణం ఉన్న 10 శాతం ఫార్మలిన్‌లో వెళ్ళాలి. ఐసులో ఉన్న దానికి ఫార్మలిన్ తగలకూడదు. ఇదంతా డాక్టరు పని. కానీ మెదడు తీయమని అడగడం మీ పని.

జిల్లా కేంద్రంలోని పశు వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకో, విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాలకో పంపే ముందు, అక్కడ ఏ పరీక్షలు చేస్తారో ఫోను చేసి కనుక్కోండి. బ్రూసెల్లాకు రోజ్ బెంగాల్ పరీక్ష చాలా చోట్ల చేస్తారు. నియోస్పోరాకు చేసే ఎలైజా అనే రక్తపరీక్ష, పీసీఆర్ పరీక్ష అన్నిచోట్లా ఉండవు, బయటికి పంపవలసి రావచ్చు. అందుకని సీరంలో కొంత భాగాన్ని గడ్డకట్టించి దాచమని అడగండి.

నమూనాతో పాటు ఒక కాగితం మీద ఇవి రాసి పంపండి: ఆవు వయసు, ఎన్నో ఈత, చూడి కట్టిన తేదీ, కృత్రిమ గర్భధారణా ఆబోతా, ఇంతకుముందు ఈసుకుపోయిందా, దీని తల్లి, దీని కూతుళ్ళు ఎప్పుడైనా ఈసుకుపోయాయా, ఇంట్లో కుక్క ఉందా, బ్రూసెల్లా టీకా వేయించారా. ఆ టీకా పెయ్య దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో, జీవితంలో ఒక్కసారే వేస్తారు. 2019లో మొదలైన జాతీయ పశు వ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద దాన్ని ఉచితంగా వేస్తున్నారు. టీకా వేసిన పశువు కొంతకాలం పరీక్షలో పాజిటివ్ చూపించవచ్చు. ఆ సంగతి ప్రయోగశాలకు తెలియకపోతే మంచి ఆవుకు చెడ్డ పేరు వస్తుంది.

ఫలితం చదవడంలోనూ జాగ్రత్త కావాలి. తల్లి రక్తంలో నియోస్పోరా పాజిటివ్ అంటే ఆ ఆవుకు పరాన్నజీవి సోకిందని మాత్రమే అర్థం. ఈ చూడి దానివల్లే పోయిందని రుజువు కాదు, ఎందుకంటే సోకిన ఆవులు చాలావరకు చక్కగా ఈనుతాయి. పిండం మెదడులో పరాన్నజీవి జాడ, దానివల్ల జరిగిన గాయం కనిపిస్తేనే మాట గట్టిది. తల్లి నెగెటివ్ అయితే నియోస్పోరా అయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. ఎంత మంచి ప్రయోగశాలలోనైనా చాలా కేసుల్లో కారణం తేలదు, అందుకు నిరుత్సాహపడకండి. బ్రూసెల్లా కాదని తేలినా అది పెద్ద లాభమే. మీ ఇంట్లో పాలు తాగే పిల్లల విషయంలో ఒక భయం తీరుతుంది. ఆ ఫలితం వచ్చేదాకా ఆ ఆవు పాలు మరిగించకుండా ఎవరూ తాగకూడదు.

నియోస్పోరా: కుక్క నుంచి ఆవుకు, తల్లి నుంచి కూతురికి

దీని పూర్తి పేరు నియోస్పోరా కేనైనం. కంటికి కనిపించని ఏకకణ పరాన్నజీవి. 1984లో నార్వేలో కుక్కల్లో మొదట గుర్తించారు, 1988లో పేరు పెట్టారు, దీని గుడ్లను మలంతో బయటికి వదిలే జంతువు కుక్క అని 1998లో తేలింది. కుక్కజాతికి చెందిన కొన్ని అడవి జంతువులు కూడా వదలగలవు. మనుషులకు దీనివల్ల రోగం వస్తుందని ఎక్కడా తేలలేదు.

ఆవులోకి ఇది వచ్చే దారులు రెండు. వాటిని విడివిడిగా అర్థం చేసుకోకపోతే ఎంత కష్టపడినా ఫలితం ఉండదు.

మొదటి దారి కుక్క. సోకిన ఆవు పిండాన్నో, మాయనో, పచ్చిమాంసాన్నో కుక్క తింటుంది. కొద్ది రోజులకు దాని మలంలో గుడ్లు పడతాయి. కొన్ని రోజుల పాటు, కొన్నిసార్లు కొన్ని వారాల పాటు పడి ఆగిపోతాయి. నేల మీద పడిన గుడ్డు ఒకటి నుంచి మూడు రోజుల్లో పక్వమై రోగం అంటించే స్థితికి వస్తుంది. తేమ ఉన్న చోట చాలాకాలం బతికి ఉంటుంది. ఆ మలం తగిలిన గడ్డి, దాణా, నీళ్ళు చూడి ఆవు కడుపులోకి వెళితే పరాన్నజీవి రక్తం ద్వారా మాయను చేరి, పిండం మెదడును, గుండెను తినేస్తుంది. ఒకే మేత తిన్న నాలుగైదు ఆవులు కొన్ని వారాల వ్యవధిలో వరసగా ఈసుకుపోతే ఈ దారినే అనుమానించాలి.

రెండో దారి కడుపులోనే ఉంది. ఒకసారి సోకిన ఆవు ఒంట్లో పరాన్నజీవి జీవితాంతం దాగి ఉంటుంది. చూడి కట్టినప్పుడు మళ్ళీ మేలుకుంటుంది. అప్పుడు పిండం చనిపోవచ్చు, బలహీనమైన దూడ పుట్టవచ్చు. చాలాసార్లు మాత్రం చెంగుచెంగున గంతులేసే ఆరోగ్యమైన పెయ్య పుడుతుంది, దాని ఒంట్లో పరాన్నజీవి ఉంటుంది. సోకిన తల్లులకు పుట్టే దూడల్లో అత్యధిక భాగం ఇలా సోకే పుడతాయి, కొన్ని మందల్లో ఇది 90 శాతం కూడా దాటుతుంది. ఆ పెయ్య పెరిగి చూడి కట్టి, తన దూడకు అదే అందిస్తుంది. కుక్క లేకపోయినా ఒక ఇంటి పశువుల్లో తరతరాలుగా నడిచే దారి ఇది. నరసన్నపేట ఆవు, దాని కూతురి సంగతి మళ్ళీ చూడండి. తల్లి ఎలా ఈసుకుపోయిందో కూతురూ అలాగే పోవడంలో దిష్టి లేదు.

మామూలు ఈతలో పడిన మాయను కూడా పాతమని చెప్పింది ఇందుకే. ఆరోగ్యంగా ఈనిన ఆవు మాయలోనూ ఆ పరాన్నజీవి ఉండవచ్చు. దాన్ని తిన్న కుక్క ఊరంతా తిరుగుతుంది.

దీన్ని ఆవు ఒంట్లోంచి తీసేసే మందు లేదు. మన దగ్గర వేయించుకోగలిగే టీకా కూడా లేదు. చూడి నిలబడాలని చేసే హార్మోను ఇంజెక్షన్లు పరాన్నజీవిని ఏమీ చేయలేవు. ఆ డబ్బు రక్తపరీక్షకు పెట్టండి.

నాలుగో అడుగు: కుక్కకు, మేతకు మధ్య అడ్డుగోడ

కుక్కలను చంపడం నేరం, పాపం, పైగా పనికిరాని పని. ఒక గుంపు పోతే మరో గుంపు వస్తుంది. మన చేతిలో ఉన్నది వాటికి పచ్చిమాంసం అందకుండా చూడడం, వాటి మలం మేతకు తగలకుండా చూడడం. పంచాయతీ ద్వారా కుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్లు చేయించమని అడగండి. పశువులు చనిపోతే ఊరి బయట పడేయకుండా పాతిపెట్టించండి.

మీ శాల చుట్టూ ఒకసారి కుక్క కళ్ళతో తిరిగి చూడండి. సంక్రాంతి ముందు చలికి కుక్క ఎక్కడ పడుకుంటుంది? గడ్డివాము ఎండవైపున, వరిగడ్డి లాగి గుంత పడిన చోట. అక్కడే అది మలం కూడా వదులుతుంది, అక్కడి నుంచే మనం పొద్దున గడ్డి లాగి ఆవుకు వేస్తాం. వాము చుట్టూ నడుమెత్తు వరకు పాత వల కట్టండి, లేదా కంప పెట్టండి. తీరప్రాంతపు పల్లెల్లో పాత చేపల వలకు కరువు లేదు. తవుడు, చిట్టు, దాణా బస్తాలు నేల మీద తెరిచి ఉంచకండి, మూత ఉన్న డ్రమ్ములో పోయండి. కుడితి తొట్టి, నీళ్ళ తొట్టి కుక్క మూతికి అందనంత ఎత్తులో కట్టించండి, రాత్రి పలక మూత వేయండి. పచ్చగడ్డి కోసే యంత్రం పెట్టిన చోట నేల ఊడ్చి ఎండనివ్వండి.

మలం కనిపిస్తే ఆ రోజే పారతో తీసి పాతండి. పక్వం కావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి రోజూ తీస్తే చాలా ప్రమాదం తగ్గుతుంది. ఫినాయిలు, బ్లీచింగు పొడి ఈ గుడ్ల మీద నమ్మకంగా పనిచేయవు. మరిగే నీళ్ళు, మండే ఎండ, పూర్తిగా ఎండిపోవడం, వీటికి మాత్రం అవి తట్టుకోలేవు.

ఇంటి కుక్క ఉంటే దానికి అన్నం, ఉడికించిన మాంసం పెట్టండి. ఆవు ఈనే రోజుల్లో కట్టేసి ఉంచండి.

అయిదో అడుగు: వంశవృక్షం గీయండి, పరీక్ష చేయించండి

ఒక నోటు పుస్తకం తీసుకుని మీ పశువుల్లో ఏ ఆవు కూతురు ఏదో గీతలు కలుపుతూ రాయండి. ఈసుకుపోయిన వాటి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. ఎర్ర సున్నాలు ఒకే కొమ్మ మీద గుంపుగా ఉంటే తల్లి నుంచి కూతురికి వస్తున్న రోగమని, కొమ్మలన్నిటి మీదా చెదిరి ఉంటే బయటి నుంచి మేతలోనో, నీళ్ళలోనో వచ్చిందని అనుమానం బలపడుతుంది. నేను చూసినంతలో ఈ ఒక్క కాగితం చాలా సందేహాలు తీర్చింది.

వీలైతే ఈసుకుపోయిన ఆవులతో పాటు ఈసుకుపోని వాటి రక్తం కూడా పరీక్ష చేయించండి. ఈసుకుపోయిన వాటిలో పాజిటివ్ ఎక్కువగా, మిగతా వాటిలో తక్కువగా ఉంటే నియోస్పోరా పాత్ర గట్టిపడుతుంది. రెండు వర్గాల్లోనూ సమానంగా ఉంటే వేరే కారణం వెతకాలి.

పాజిటివ్ వచ్చిన ఆవును ఏం చేయాలి? ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక్కసారి ఈసుకుపోయి, బాగా పాలిచ్చే ఆవును వదులుకోనక్కరలేదు. అది మళ్ళీ ఈసుకుపోయే ప్రమాదం సోకని ఆవు కంటే ఎక్కువ, అయినా మామూలుగా ఈనే అవకాశమే ఎక్కువ. ఒక ఆవు నుంచి మరో ఆవుకు నేరుగా అంటదు కాబట్టి శాలలో ఉంచినంత మాత్రాన మిగతావి చెడిపోవు. కానీ ఆ కొమ్మ పెయ్యలతో మందను పెంచకండి. రేపటి పాలకు నెగెటివ్ తల్లుల పెయ్యలనే ఎంచుకోండి. రెండు మూడుసార్లు ఈసుకుపోయిన ఆవును మాత్రం చూడికి పెట్టడం మానడమే మంచిది. నిజం దాచి సంతలో అమ్మేయడం అన్యాయం. నారాయణవలస సంతలోనో, అలమండ సంతలోనో దాన్ని కొనే మనిషి కూడా మీలాంటి రైతే, అప్పు చేసి కొంటాడు.

ఆరో అడుగు: ఊరి ఆబోతు

ఆవు ఈసుకుపోయినట్టు కంటికి కనిపించకుండానే చూడి పోతున్న ఇళ్ళు ఉన్నాయి. ఆవు కట్టినట్టే ఉంటుంది, ఇరవై ఒకటో రోజున ఎదకు రాదు, నెలన్నరకో, రెండు నెలలకో మళ్ళీ ఎదకు వస్తుంది. కొన్నిటికి మానం నుంచి చీము కారుతుంది. కొన్నిటికి రెండు నుంచి నాలుగు నెలల మధ్య చిన్న పిండం పడుతుంది, గడ్డిలో కలిసిపోయి ఎవరి కంటా పడదు. ఊళ్ళో ఒకే ఆబోతుతో దాటించిన ఆవులన్నిటికీ ఇలా జరుగుతుంటే ట్రైట్రైకోమోనాస్ ఫీటస్ అనే పరాన్నజీవిని అనుమానించాలి.

ఇది ఆబోతు అంగాన్ని కప్పే తొడుగు ముడతల్లో నివసిస్తుంది. ఆబోతుకు ఏ బాధా ఉండదు, అది నిగనిగలాడుతూ ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ముడతలు లోతై పరాన్నజీవికి మంచి నివాసం దొరుకుతుంది కాబట్టి ముసలి ఆబోతుల్లో ఎక్కువ. దేవుడి పేర వదిలిన ఆబోతును ఎవరూ పరీక్ష చేయించరు. దాని మీద భక్తి ఉంచుకోండి, ఆవులను మాత్రం పరీక్షించిన ఆబోతుల ఘనీకృత వీర్యంతో కృత్రిమ గర్భధారణే చేయించండి. సోకిన ఆవులు చాలావరకు కనీసం మూడు నెలలు దాటించకుండా ఉంచితే వాటంతట అవే బాగుపడతాయి, చీము ఉన్నవాటికి వైద్యం కావాలి. ఆబోతును పరీక్షించాలంటే తొడుగు కడిగిన నీటిని వారానికి ఒకసారి చొప్పున మూడుసార్లు చూడాలి. ఒక్క నెగెటివ్‌ను నమ్మకూడదు.

ఏడో అడుగు: గోమార్లు, జోరీగలు

ఇక రక్తంలో బతికే పరాన్నజీవులు. ఇవి నియోస్పోరాలా దాక్కోవు. జ్వరంతో బయటపడతాయి, ఆ జ్వరంలోనే చూడి పోతుంది. సంకరజాతి ఆవుకు 104 నుంచి 106 డిగ్రీల జ్వరం, భుజం ముందు గ్రంథి నిమ్మకాయంత వాపు, కనురెప్పల లోపల తెల్లబారడం కనిపిస్తే థైలీరియా. దీన్ని హయలోమ్మా జాతి గోమారి మోసుకొస్తుంది. బుపర్వాక్వోన్ ఇంజెక్షను తొలి రోజుల్లో చేస్తే బాగా పనిచేస్తుంది, ఆలస్యమైతే ఆవే దక్కదు. మూత్రం కాఫీ రంగులో వస్తే బబీసియా. వానల తరువాత జోరీగలు ముసిరే రోజుల్లో వచ్చి పోయే జ్వరం, చిక్కిపోవడం, గుండ్రంగా తిరగడం ఉంటే సర్రా. వంశధార, నాగావళి ఒడ్డున బురద నేలల్లో గేదెలు మేపేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

మూడింటికీ మందులు వేరు. అందుకే ముందు రక్తపు పూత, తరువాత మందు. చూడి పోయే భయంతో మందు ఆపకూడదు. జ్వరమే చూడిని పోగొడుతుంది.

గోమార్ల మందు ఆవు ఒంటికి మాత్రమే రాస్తే సగం పనే అయినట్టు. శాల గోడల పగుళ్ళలో, రాటల సందుల్లో అవి గుడ్లు పెడతాయి. పగుళ్ళు సిమెంటుతో పూడ్చి, సున్నం వేసి, డాక్టరు చెప్పిన మోతాదులో మందును గోడలకు కూడా చల్లి, రెండు మూడు వారాలకు మళ్ళీ చల్లండి. థైలీరియాకు మన దేశంలో టీకా ఉంది. దూడగా ఉన్నప్పుడే వేయించాలి. చూడి ఆవుకు వేయించే ఆలోచన డాక్టరుతో మాట్లాడకుండా చేయవద్దు.

ఈసుకుపోయిన ఆవు సంరక్షణ

మాయ పడకపోతే చేత్తో లాగవద్దు, బరువు కట్టవద్దు. గర్భసంచి చిరుగుతుంది, లోపల ముక్కలు మిగిలిపోతాయి. జ్వరం వచ్చినా, మేత మానినా, దుర్వాసన వచ్చినా వెంటనే డాక్టరును పిలవండి. కనీసం రెండు నెలలు చూడికి పెట్టకుండా, పరీక్ష ఫలితాలు చూసుకుని అప్పుడు కృత్రిమ గర్భధారణ చేయించండి.

ఈనిన వెంటనే ఒక గొట్టం రక్తం

పాజిటివ్ ఆవుకు పెయ్య పుడితే అది సోకి పుట్టిందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఒకే ఒక్క మంచి సమయం ఉంది: జున్నుపాలు తాగకముందు. జున్నుపాలలో తల్లి ప్రతిరక్షకాలు ఉంటాయి. అవి తాగాక పరీక్ష చేస్తే దూడ సొంత ప్రతిరక్షకాలేవో, తల్లి ఇచ్చినవేవో వేరుచేయలేం. ఆ తికమక తీరడానికి సుమారు ఆరు నెలలు ఆగాలి. అందుకని ఈనే రోజు దగ్గరపడగానే పశు సంవర్ధక సహాయకుడికి ముందే చెప్పి, ఎర్ర మూత గొట్టం, సూది ఇంట్లో సిద్ధంగా ఉంచండి. దూడ పుట్టగానే ఆయన రక్తం తీయాలి, వెంటనే జున్నుపాలు పట్టాలి. ఆయన గంటలోపు రాలేకపోతే రక్తం సంగతి వదిలేసి పాలు పట్టేయండి. పరీక్ష ఆరు నెలల తరువాతైనా చేయించుకోవచ్చు, జున్నుపాలు మాత్రం ఆగవు.

నరసన్నపేట ఇంట్లో ఆ పెయ్య రెండో చూలు ఒక రాత్రి ఈనింది. ఈసారి ఇంటి పెద్దావిడే టార్చి పట్టుకుని నిలబడ్డారు. గొట్టం నిండగానే దూడ నోటికి పొదుగు అందించి, మాయ పడేదాకా కూర్చుని, దాన్ని సంచిలో కట్టి, పగలే తవ్వించి ఉంచిన గొయ్యి దగ్గరికి తానే నడిచారు.